తప్పులు దాగు తావులు



ఈనాడు నేను ముచ్చటింప దలచిన విషయము కంప్యూటరు ప్రోగ్రాములలో తప్పు లెచ్చట నుండునో ముందుగా ఊహించుట. తెలుగు పండితుడు, అందులోను చోడవరము వంటి యూర పిల్లలకు ఛందస్సును, వ్యాకరణమును చెప్పి ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నవాడు, ఇట్టి మాటకు తగునా యని మీలో కొందఱు సందేహింపవచ్చును. ప్రోగ్రాము వ్రాయుట నాకు రాదు. కాని తప్పులు పట్టుట నా వృత్తి. బ్రతుకులో మేలైన భాగమంతయు ఎఱ్ఱసిరా కలముతో గడచినది. తప్పు లెట్టి చోట్ల పుట్టునో, ఎట్టి చోట్ల మన కన్నుగప్పి దాగునో, దానిని గూర్చి కొంత చెప్పగలను. తక్కినది హైదరాబాదులో ప్రాజెక్టు మేనేజరుగా నున్న నా పూర్వశిష్యు డొకడు సంక్రాంతికి ఊరికి వచ్చినప్పు డెల్ల చెప్పగా విన్నది, విని యూరకుండలేక చదివి తెలిసికొన్నది.

తాటాకు గ్రంథములతో పరిచయము గలవా రీ సంగతి నెఱుగుదురు. లేఖకు డొక ప్రతిని చూచి మఱియొక ప్రతి వ్రాయును. దానిని చూచి వేఱొకడు వ్రాయును. మూడు నాలుగు ప్రతులను ముందిడుకొని పరిష్కర్త కూర్చున్నప్పుడు పాఠభేదములు బయటపడును. అవి వానచినుకులవలె అంతటను సమముగా పడవు. పది పత్రములు నిర్దుష్టముగా నడచును. పదునొకండవ పత్రమున నాలుగు పంక్తులలో ఏడు తప్పులు కనబడును. ఏల? అచ్చట దీర్ఘసమాస మున్నది. లేదా, లేఖకునకు తెలియని శాస్త్రపద మున్నది. లేదా, ఒకే అక్షరముల కూర్పు రెండు పాదములలో రాగా, కన్ను మొదటిదానినుండి రెండవదానికి దుమికి నడుమనున్న పాదము జారిపోయినది. లేదా, మూలప్రతిలోనే యెవరో కొట్టివేసి అంచున దిద్ది యుండిరి. లేదా, అచ్చట నొక లేఖకుడు గంటము దింపగా ఇంకొక డెత్తుకొన్నాడు. అనుభవము గల పరిష్కర్త క్రొత్తప్రతి చేతికి వచ్చినపుడు చదువుటకు ముందే యిట్టి తావులను వెదకి గుర్తు పెట్టుకొనును. చిక్కైన చోటు, దిద్దిన చోటు, చేయి మాఱిన చోటు. సాఫ్టువేరు శాస్త్రజ్ఞులు ఏబదియేండ్ల కృషిలో కనుగొన్నదానిలో సగము ఈ మూడు మాటలలో నున్నదని నేననిన నా శిష్యుడు నవ్వెనే కాని కాదనలేదు.

ప్రోగ్రామనగా కంప్యూటరునకు వరుసగా వ్రాసి యిచ్చిన ఆజ్ఞల గ్రంథము. బ్యాంకు ఖాతాలు నడపునది, రైలు టిక్కెట్టు లిచ్చునది, ఇట్టి వెల్ల లక్షల పంక్తుల గ్రంథములు. వానిని వందల కొలది, వేలకొలది ఫైళ్లుగా విభజించి అనేకులు వ్రాయుదురు. వ్రాసినదానిని పరీక్షించువారు వేఱుగా నుందురు. వారెప్పుడును కొలదిమందియే, గడువును ఎప్పుడును కొలదియే. నా శిష్యుడు పలకమీద లెక్కవలె చెప్పినది మీకును చెప్పెదను. ఫైళ్లు నాలుగువంద లనుకొనుడు. పరీక్షించువా రాఱుగురు. ఒక ఫైలును శ్రద్ధగా చూచుటకు ఒకని కొక దినము పట్టును. గడువు పది దినములు. అనగా అఱువది ఫైళ్లే చూడనగును. తక్కిన మూడువందల నలువదింటిని పైపైన చూచియో చూడకయో ప్రజల చేతికి వదలవలసినదే. ఆ అఱువది యేవి? "అన్నింటిని కొంచెము కొంచెము చూతమన్నచో ఏదియు చూచినట్లు కాదు మాస్టారూ" అని అతడనెను. ఏ ఫైళ్లలో తప్పులుండుట కవకాశ మెక్కువయో ముందే తెలిసినయెడల నేర్పరులను అచ్చటికి పంపవచ్చును, గడువు చాలదని పైవారితో లెక్క చూపి వాదింపవచ్చును, అవసరమైనచో ఆ భాగమును మొదటినుండి తిరుగ వ్రాయింపవచ్చును. జ్యోతిషము కాదు, వాతావరణసూచన వంటిది.

ఈ ఊహకు లెక్క కట్టుటకు మొదట పూనుకొన్నవారిలో జపానుదేశపు ఫుజిత్సు సంస్థకు చెందిన అకియామా యొకడు. 1971లో నతడు ప్రకటించిన సూత్రము మిక్కిలి సులభము. ప్రోగ్రాములోని పంక్తుల సంఖ్యను 0.018 చేత గుణించి 4.86 కలుపవలెను, అదియే తప్పుల సంఖ్య. వేయి పంక్తులున్నచో 22.86, అనగా ఇంచుమించు ఇరువదిమూడు. పొడవు పెరిగినకొలది తప్పులు పెరుగునను మాటలో అసత్యము లేదు. కాని నూఱుపంక్తుల వచనమును నూఱుపంక్తుల ద్వ్యర్థికావ్యమును ఒకే త్రాసున తూచిన ట్లుండును.

1976లో మెకేబ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పొడవును విడచి చిక్కును కొలిచెను. ప్రోగ్రాములో "ఇట్లైనచో ఈ త్రోవ, కానిచో ఆ త్రోవ" అను చీలిక లెన్నియున్నవో లెక్కించి ఒకటి కలుపుమనెను. పరీక్షాఫలితముల మాటయే తీసికొందము. ముప్పదియైదు మార్కులు వచ్చినచో ఉత్తీర్ణుడు, రానిచో కాడు. ఇది యొక చీలిక, లెక్క రెండు. విద్యార్థి పరీక్షకు రాకున్నచో? ఆ సబ్జెక్టునకు ప్రయోగపరీక్ష కూడ నున్నచో? చీలికలు మూడయినవి, లెక్క నాలుగయినది. ఈ సంఖ్య యెంతయో, పరీక్షించువాడు కనీస మన్ని త్రోవల నడచి చూడవలెను. మన వ్యాకరణ మెఱిగినవారి కిది క్రొత్త కాదు. ఉత్సర్గసూత్రమున పిల్లలు తప్పరు. అపవాదములు పేరుకొన్న చోట తప్పుదురు. ఉత్వసంధి నిత్యము గనుక నిద్రలోనైనను చేయుదురు. వైకల్పికమనియు, బహుళమనియు మొదలిడగానే వారి కాగితముపై నా సిరా కారుట మొదలు.

అయినను, పొడవు, చిక్కు అను రెండును ప్రోగ్రామును నిలిపియుంచి తీసిన ఫోటో వంటివి. దాని చరిత్ర వేఱు. ఏ ఫైలు ఎన్నిసారులు దిద్దబడినది, ఎంత భాగము దిద్దబడినది, ఎంత త్వరగా దిద్దబడినది అను విషయము లన్నియు ఇప్పటి సాఫ్టువేరు కార్యాలయములలో తేదీతో, చేసినవాని పేరుతో సహా చిట్టాలో నిలిచియుండును. 2005లో నాగప్పన్, బాల్ అను ఇరువురు మైక్రోసాఫ్టువారి విండోస్ సర్వర్ 2003ను తీసికొని, ఫైలు పొడవులో ఎన్నవవంతు మాఱినదో లెక్కించి, ఆ మార్పుల కొలతలనుబట్టి తప్పులెక్కువగల భాగములను చక్కగా వేఱుచేయవచ్చునని చూపిరి. మా వైపు బెల్లము వండు రైతు పొయ్యి ముట్టించుటకు ముందు పెనమంతటిని వేలితో తట్టి చూడడు. అతుకు వేసిన చోటనే మొదట తట్టును. వింతయేమనగా సాఫ్టువేరువారును దిద్దుబాటును ప్యాచి అనియే పిలుతురు. అతుకనియే దాని యర్థము.

ఆ 2005వ సంవత్సరముననే ఆస్ట్రాండ్, వైయుకర్, బెల్ అను మువ్వురు ఏటీ అండ్ టీ టెలిఫోను సంస్థలోని రెండు పెద్ద సాఫ్టువేరుల విషయము వ్రాసిరి. ఫైలు పొడవు, అది క్రొత్తదో పాతదో, క్రిందటిసారి దానిలో మార్పులు జరిగినవో లేదో, తప్పులు దొరకినవో లేదో, ఇట్టివి తీసికొని తరువాతిసారి తప్పుల సంఖ్యను ముందుగా అంచనా వేసిరి. అంచనాలో మొదట నిలిచిన ఐదవవంతు ఫైళ్లలోనే, తరువాత నిజముగా దొరకిన తప్పులలో సగటున నూటికి 83 పాళ్లున్నవి. నా శిష్యుని అఱువది ఫైళ్ల చిక్కునకు ఇది యెంత యూరటయో చూడుడు.

చేతుల మార్పును గూర్చిన పరిశోధన నాకు మఱింత రుచించినది. 2008లో నాగప్పన్, మర్ఫీ, బెసీలీ యను వారు విండోస్ విస్టా అను సాఫ్టువేరును పరిశీలించుచు, ప్రోగ్రామును విడిచి ప్రోగ్రాము వ్రాసిన కార్యాలయపు వంశవృక్షమును చూచిరి. ఒక భాగమున ఎందఱు చేయి పెట్టిరి, అందెందఱు పని విడచి వెళ్లిరి, వారంద ఱొక్క అధికారి క్రిందివారా పలువురి క్రిందివారా, అని లెక్కించిరి. ఆ లెక్క, పొడవు, చిక్కు మొదలగు వానికంటె మిన్నగా తప్పులున్న తావులను చూపెనట. నలుగురు మేస్త్రీలు నాలుగు మూలల కట్టిన గోడ యెట్లుండునో ఊహింపుడు.

ఇచ్చట మన విశాఖపట్టణమునకు సంబంధించిన ముచ్చట యొకటి చెప్పక ముందునకు సాగలేను. ఇన్ని కొలతలు చేతికి వచ్చిన తరువాత, అన్నింటిని కలిపి "ఈ ఫైలు తప్పులజాతిది, ఈ ఫైలు కాదు" అని తీర్మానించు టెట్లు? ఈ విద్య సాఫ్టువేరు పుట్టుటకు ముందే యున్నది. 1936లో ఫిషర్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు రెండు జాతులను కొలతలనుబట్టి వేఱుచేయు మార్గమును చూపెను. ఆ యేడే కలకత్తాలో మహలనోబిస్ రెండు సముదాయముల నడుమ దూరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. వీరిరువురి వద్దను పనిచేసి, రెండు జాతులకే కాక అనేక జాతులకు ఆ విద్యను విస్తరింపజేసిన వాడు మన తెలుగువాడు, కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. 1920లో జన్మించిన ఆ మహనీయుడు ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో గణితము చదివి 1941లో కలకత్తా చేరెను. 1946 మొదలు రెండేండ్లు కేంబ్రిడ్జిలో నుండి, సూడాను దేశములోని జెబెల్ మోయా యందు త్రవ్వి తీసిన ప్రాచీన మానవుల అస్థికలను కొలిచి, ఆ జనము నే వర్గమున చేర్పవలెనను ప్రశ్నపై పనిచేసెను. ఆ విషయమైన ఆయన వ్యాసము 1948లో వెలువడెను. అస్థికలను జాతులుగా విభజించు ఆ విద్యాకుటుంబమే తరువాత ప్రోగ్రాములను విభజించుటకు వచ్చినది. 1992లో మన్సన్, ఖోష్‌గోఫ్తార్ అను వారు ఆ మార్గముననే తప్పులకు లోనగు ప్రోగ్రాములను గుర్తించిరి. రావుగారు నూటమూడవయేట, 2023లో దివంగతులైరి.

ఇక నా మనస్సున ముల్లువలె నున్న సంగతి. 2019 ఏప్రిలు 18వ తేదీన తెలంగాణ ఇంటర్మీడియటు ఫలితములు వెలువడినవి. తొమ్మిదిలక్షలకు పైగా విద్యార్థుల భవితవ్యమది. మూడులక్షలకు పైగా తప్పినట్లు కనబడిరి. పరీక్ష వ్రాసినవారు రానట్లును, కొందఱికి మార్కులే లేనట్లును పట్టికలలో కనబడెను. తెలుగులో 99 రావలసిన బాలికకు సున్న చూపబడెను. ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొన్నట్లు పత్రికలు వ్రాసినవి. ఏది దేనివలన జరిగెనో తీర్పు చెప్పుటకు నేనెవడను? ప్రభుత్వము మువ్వురితో విచారణసంఘమును నియమించి, తప్పినవారందఱి పత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింపజేసినది. మనుష్యుల పొరపాట్లును, సాఫ్టువేరు లోపములును రెండును బయటపడినవి.

నేనీ కథను ఒకరిని నిందించుటకు చెప్పుటలేదు. తావులను చూపుటకు చెప్పుచున్నాను. ఆ యేడు ఫలితములు కూర్చుపని క్రొత్త చేతులకు, క్రొత్త సాఫ్టువేరునకు వచ్చినది. చేయి మాఱిన చోటు! పరీక్షకుని కలమునుండి చుక్కల కాగితమునకు, ఆ కాగితమునుండి యంత్రమునకు, యంత్రమునుండి పట్టికకు, పట్టికనుండి విద్యార్థి పేరునకు మార్కులు ప్రయాణము చేయును. ప్రతి మజిలీలోను ఒకడు దింపి ఒక డెత్తుకొనును. గైర్హాజరు, ప్రయోగపరీక్ష, వెనుకటి యేటి సబ్జెక్టు, అని చీలికలు పేరుకొన్న చోటు లున్నవి. గడువు ముంచుకొని వచ్చుచుండగా దిద్దిన చోట్లు ఉండకపోవు. ఒక తాటాకు పరిష్కర్తను పిలిచి ఈ పటమును చూపినచో ఏయే మజిలీల కావలి పెట్టవలెనో చెప్పియుండును. ముందుగా పాతపద్ధతిని, క్రొత్తపద్ధతిని ప్రక్కప్రక్కన నడపి రెండు పట్టికలను పోల్చి చూచుట కంతకంటె గొప్ప విద్య అక్కఱలేదు.

అయినను ఊహావిద్య కొక హద్దున్నది. ఆ బాలిక సున్నకు కారణము ప్రోగ్రాము కాదు. 99కి మాఱుగా 00 చుక్కలు నింపిన చేయి, దానిని సరిచూడని కన్ను. ఫైళ్ల పొడవును, చీలికలను కొలుచు ఏ లెక్కయు ఆ చేతిని చూడజాలదు. మొదటి సంవత్సరము మంచి మార్కులు తెచ్చిన విద్యార్థికి రెండవ సంవత్సరము సున్న వచ్చినచో ఆగి పత్రమును తెఱచి చూడుమను ఆజ్ఞ యొక్కటి యుండవలెను. ఆ యాజ్ఞ ఏ పంక్తిలోను తప్పుగా లేదు, అసలే లేదు. లేని పంక్తిలోని తప్పును కొలుచు కొలబద్ద ఇంకను నాకు కనబడలేదు.

మఱికొన్ని చిక్కులు కూడ కలవు. ఒక కార్యాలయమున నేర్చిన లెక్క వేఱొక కార్యాలయమునకు పనికివచ్చునా? 2009లో జిమ్మర్మన్ మొదలగువారు ఒక ప్రాజెక్టు చరిత్రనుండి నేర్చి మఱొక ప్రాజెక్టు తప్పులను ఊహించు ప్రయత్నము 622 విధముల చేసి చూచిరి. ఫలించినవి నూటికి 3.4 పాళ్లు. ఒక యింటి ఆవకాయపాళ్లు వేఱొక యింటి మామిడికి సరిపడవు. ఎవరి చిట్టానుండి వారు నేర్వవలసినదే.

ఇంకొకటి. నూఱు ఫైళ్లలో ఐదింటనే తప్పు లున్నవనుకొనుడు. "అన్నియు మంచివే" యని కన్నులు మూసికొని చెప్పిన సోమరి జోస్యునకు నూటికి తొంబదియైదు మార్కులు వచ్చును! కనుక మా లెక్క నూటికి ఇంత నిజమని యెవరైన చెప్పినప్పుడు, తప్పున్నవానిలో ఎన్నింటిని పట్టితివి, పట్టినవానిలో ఎన్ని వట్టి అనుమానములు, అని రెండు ప్రశ్న లడుగవలెను. ఈ రెండు ప్రశ్నల నడుగు మేనేజరులు తక్కువ యని నా శిష్యుని బాధ.

జాబితా చేతి కిచ్చినంత మాత్రమున పని జరుగునా యన్నచో, గూగుల్ సంస్థలో 2013లో ప్రకటింపబడిన ప్రయోగము కొంత నిరుత్సాహము కలిగించును. తప్పుల కవకాశము గల ఫైళ్లను ఎదుట గుర్తువేసి చూపినను పనివారి నడవడిలో చెప్పుకొనదగిన మార్పు కనబడలేదట. నాకు వింత కలుగలేదు. "నీ పద్యము యతిభంగముల పుట్ట" యని మాత్రము చెప్పిన పిల్లవాడు తలయూపి వెళ్లును. ఏ పాదమున ఏ యక్షరమో చూపి, దిద్దుటకు వ్యవధి యిచ్చినచో దిద్దుకొనును.

అన్నింటికంటె నన్ను కలతపెట్టినది వేఱు. తరగతిలో వెనుకబెంచీ పిల్లవా డల్లరివాడని ముద్ర వేసిన ఉపాధ్యాయు లుందురు. రోజున కిరువదిసార్లు వానివైపే చూతురు. చూచినకొలది తప్పు దొరకును. దొరకినకొలది ముద్ర గట్టిపడును. మొదటి బెంచీవాడు అదే పనిచేసినను చూచువారు లేరు. ఈ ఊహాశాస్త్రమున "తప్పులు" అనునవి నిజముగా నున్న తప్పులు కావు, దొరకిన తప్పులు. వెదకిన చోటనే దొరకును. క్రిందటిసారి దొరకిన చోటనే ఈసారి వెదకుదుము. ఇట్లు నాలుగుసార్లు తిరుగగా లెక్క తన నీడనే తాను కొలుచుకొనును. ఫైలుతోపాటు చిట్టాలో వ్రాసినవాని పేరును ఉండునని చెప్పితిని గదా. ఫైలునకు వేసిన గుర్తు మనిషికి వేసిన గుర్తగుటకు ఎంతసేపు పట్టును? ఏటి జీతపు పెంపు నాడు ఆ జాబితా బల్లమీద పెట్టినచో, అందఱును చిక్కైన పనిని తప్పించుకొని సులభమైన ఫైళ్లకొఱకు పోటీపడుదురు. చిక్కైన భాగము చేతగానివాని పాలబడును. మిక్కిలి చిక్కైన పనిని మిక్కిలి సమర్థునకే యిచ్చియుందురు గనుక అతని ఫైలుననే తప్పు లెక్కువగా కనబడుట సహజము గదా.

ఈ మాట నా శిష్యునితో అన్నప్పుడు అతడు కొంతసేపు ఊరకుండెను. మరుసటి సంక్రాంతికి వచ్చి తాను చేసిన యేర్పాటు చెప్పెను. జాబితానుండి పేర్లను తీసివేయించినాడట. చూడవలసిన అఱువదింటిలో ఏబదింటినే లెక్క చెప్పినట్లు తీసికొని, తక్కిన పదింటిని చీట్లు వేసి తీయుచున్నాడట. లెక్క నిర్దోషులని వదలివేసిన ఫైళ్లనుండియే ఆ పది చీట్లు. "పైవారు వ్యర్థప్రయాస యన్నారు మాస్టారూ, పది మనిషిదినములు చీట్లపాలు చేయుచున్నావని" అని చెప్పి, మొదటి విడత చీట్లలో మూడు ఫైళ్లు తప్పులతో దొరకినవనియు, అందొకటి ఆఱేండ్లుగా ఎవ్వరును తెఱవనిదనియు చెప్పెను. పైవా రిప్పుడు పదింటిని పదునైదు చేయుదమా యని అడుగుచున్నారట.